మూడూళ్ల బ్లాగులు, ఒక ఊరి బూడిద

పేపర్ ఆఫీసులో నా పని పోయాక కొన్ని నెలలు నేను వార్తలు చదవడమే మానేశాను. అంతకుముందు సూర్యాపేటలో జిల్లా పేజీల డెస్కులో కూర్చుని, ఊళ్ల నుంచి విలేకరులు పంపే వార్తలు దిద్దేదాన్ని. మోతెలో ఎండిన పొలాలు, మేళ్లచెరువు రోడ్డు మీద సిమెంటు లారీల దుమ్ము, నేరేడుచర్లలో ధాన్యం కాంటాల దగ్గర గొడవలు, కోదాడ మున్సిపల్ మీటింగులో తిట్లు, అన్నీ నా చేతుల మీదుగానే పోయేవి. జిల్లా పేజీలు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ హైదరాబాద్‌లోనే చేసుకుంటామన్నారు. మాకు శాలువాలు కప్పి పంపించారు.

మా ఆయన మోతె దగ్గర సర్కారు బడిలో టీచర్. ఇల్లు గడవడానికి ఇబ్బంది రాలేదు. నాకు ఇబ్బంది వేరే చోట వచ్చింది. పొద్దున లేస్తే పక్క ఊళ్లో ఏం జరిగిందో తెలిసేది కాదు. ఫోన్ తెరిస్తే ఢిల్లీ సంగతులు, అమెరికా సంగతులు ఎన్నైనా వస్తాయి. కోదాడ కూరగాయల మార్కెట్లో మురికినీళ్లు ఎందుకు నిలిచిపోయాయో మాత్రం ఎవరూ చెప్పరు.

ఒకరోజు ఆ మార్కెట్ సంగతే వెతుకుతుంటే ఒక బ్లాగు కనిపించింది. రాసేది కోదాడలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్. మురికినీళ్ల గురించి మొదలుపెట్టి, నిజాం కాలం దాకా వెళ్లి, తిరిగి మురికినీళ్ల దగ్గరికి వచ్చారు. పొడవాటి వాక్యాలు. అయినా అందులో నాకు కావలసింది ఉంది. కాలువ ఎక్కడ పూడిందో, ఎవరి హయాంలో పూడిందో, ఇప్పుడు ఎవరిని అడగాలో అన్నీ ఉన్నాయి. నేను కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చదివాను. చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టు అనిపించింది.

అక్కడి నుంచి వెతకడం మొదలైంది. అలాంటి బ్లాగులు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ నడిపే ఒకాయన రాస్తాడు. ఆయన టైపు చెయ్యడు, ఫోన్లో మాట్లాడితే అదే అక్షరాలుగా మారుతుంది. అందుకని ఎక్కడా చుక్కా ఉండదు, కామా ఉండదు. ‘హుజూర్‌నగర్ దాటినంక పెద్ద గుంత ఉన్నది జర పైలం అన్నలారా నిన్న ఒక బండి పడ్డది డ్రైవర్ బతికిండు’ అని ఒక్క ఊపిరిలో సాగిపోతుంది. మిర్యాలగూడ నుంచి ఇంకో బ్లాగు. దానికి పేరు లేదు, ఫొటో లేదు. రాసేది ఆడమనిషో మగమనిషో కూడా తెలియదు. చెత్తబండి ఏ సందులోకి రావడం లేదో, వార్డు ఆఫీసు ఏ పూట మూసి ఉంటోందో, కౌన్సిల్ మీటింగులో ఏ తీర్మానం ఎవరూ చదవకుండానే పాసయిందో రాస్తారు. ఎవరినీ తిట్టరు. చూసింది చెప్పి, ఎవరిని అడగాలో చెప్పి, ఆపేస్తారు. ఎవరో రిటైరైన ఆఫీసరు అనుకున్నాను.

వీటన్నిటినీ ఒకచోట చేరిస్తే ఎలా ఉంటుందని అనిపించింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంట చేసి, తిని, మధ్యాహ్నం కూర్చునేదాన్ని. ఆ వారం మూడూళ్ల బ్లాగుల్లో వచ్చినవి చదివి, అనుమానం ఉన్నచోట ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కుని, ఒక్కోదాని గురించి నాలుగు ముక్కలు రాసి, కింద లింకు పెట్టి, నా బ్లాగులో వేసేదాన్ని.

మా ఆయన నా భుజం మీద నుంచి తొంగిచూసి, “బ్లాగులు ఇంక ఎవరు సదువుతున్నరు? అందరు వీడియోలే సూస్తున్నరు” అన్నాడు.

“వాళ్ల వాడ సంగతి వాళ్ల ఫోన్లకు వస్తే సదువరా?”

“సదువుతరేమో. మా టీచర్ల గ్రూపుల ఏస్త, సూద్దాం.”

టీచర్ల గ్రూపులో, చర్చి గ్రూపులో, పాత డెస్కువాళ్ల గ్రూపులో లింకు వేశాం. మొదటి వారాల్లో ఎవరూ పలకలేదు. ఒక ఆదివారం ఒంట్లో బాగాలేక పెట్టకపోతే, ‘ఈ వారం ఏది?’ అని నలుగురు అడిగారు. ఆ జ్వరంలోనే లేచి కూర్చుని రాశాను.

కొన్నాళ్లకు కోదాడ సారు నుంచి ఫోన్ వచ్చింది. బ్లాగులో నా నంబరు ఉంటుంది.

“ఏమ్మా, ఆదివారం ఆదివారం ఇది పెడుతున్నది నువ్వేనా?”

“నేనే సార్.”

“నేను రాసింది ఎంత, నువ్వు పెట్టింది ఎంత? మన మున్సిపాలిటీ చరిత్ర అంతా తవ్వి తీశాను. నువ్వు దాన్ని నాలుగు లైన్లు చేశావు. అది కూడా ఆ లారీ డ్రైవర్ రాసిన దాని కింద పెట్టావు.”

“కింద పెట్టిన అంటే తక్కువ అని కాదు సార్. ఆ గుంత పూడ్వకుంటే మనిషి పోతడు. చరిత్ర వచ్చే వారం కూడా ఉంటది గదా.”

కోపంతో ఫోన్ పెట్టేస్తారనుకున్నాను.

“అది నిజంగా అంత లోతుందా?” అన్నారు.

“మీరే పోయి చూసి రాయరాదు సార్? కోదాడ నుంచి ఎంతసేపు?”

ఆయన మరునాడే షేర్ ఆటో ఎక్కి వెళ్లారు. గుంతలో తన గొడుగు నిలబెట్టి ఫొటో తీశారు. గొడుగు సగానికి పైగా లోపలికి దిగిపోయి ఉంది. ఆ ఒక్క ఫొటో, కింద మూడే మూడు వాక్యాలు. ఆయన బ్లాగులో అంత చిన్న వ్యాసం అంతకుముందు లేదు. ఆ గొడుగు ఫొటో కోదాడ అంతా తిరిగింది. వారం తిరగకుండానే లారీతో కంకర తెచ్చి గుంత పూడ్చారు. డ్రైవర్ ఆ పూడ్చిన రోడ్డు మీద నుంచి వెళ్తూ పెట్టిన పోస్టులో సారుకు నమస్కారాలు చెప్పాడు. సారు నాకు ఫోన్ చేసి, “చూశావామ్మా, అతను నా గురించి రాశాడు” అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

మున్సిపల్ ఎన్నికలప్పుడు కొంచెం కష్టపడ్డాను. సారుది ఒక పార్టీ, డ్రైవర్‌ది ఇంకో పార్టీ. ఇద్దరూ బ్లాగుల్లో కొట్లాడుకున్నారు. “నువ్వు ఎటువైపమ్మా?” అని అటువాళ్లూ ఇటువాళ్లూ అడిగారు. నేను ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాను. ఎన్నికలు అయిపోయాయి, గొడవలు చల్లారాయి. ఆ తర్వాత కోతలు వచ్చాయి. మిర్యాలగూడలో మిల్లులు రాత్రింబవళ్లు నడవడం మొదలైంది. అప్పుడే ఆ పేరులేని బ్లాగులో బూడిద గురించి వచ్చింది.

మొదట ఒక ఫొటో. మేడ మీద తీగకు ఆరేసిన చిన్నపిల్లల బడి చొక్కాలు, తెల్లవి. భుజాల మీద నల్లగా, మిరియాలు చల్లినట్టు. కింద ఇలా ఉంది: ‘పొద్దున ఉతికి ఆరేసినవి సాయంత్రానికి ఇట్లా అయ్యాయి. పిట్టగోడ తుడిచి, అన్నం తిని వచ్చి వేలితో గీస్తే గీత పడుతోంది. మిల్లులు వద్దని ఎవరూ అనడం లేదు. అవి లేకపోతే ఈ ఊళ్లో పొయ్యి వెలగదు. ఊక కాల్చినప్పుడు లేచే బూడిదను పట్టి ఆపే యంత్రాలు ఉంటాయి. మన మిల్లుల్లో అవి ఉన్నాయా? ఉంటే నడుస్తున్నాయా?’

మిర్యాలగూడలో మా పెద్దమ్మ కూతురు ఉంటుంది. ఆమెకు ఫోన్ చేసి నిజమేనా అని అడిగాను.

“నువ్వు ఇయ్యాల అడుగుతున్నవ్. మేం ఎప్పటిసంది దులుపుకుంటున్నం” అంది.

ఆ ఆదివారం దాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను.

అంతకుముందు నేను పెట్టినవేవీ అంత తిరగలేదు. మిర్యాలగూడవాళ్లు వాళ్ల వాళ్ల మేడల ఫొటోలు, మంచాల ఫొటోలు, వడియాల ఫొటోలు పంపడం మొదలుపెట్టారు. కొందరు మాత్రం ‘దమ్ముంటే పేరు పెట్టి రాయి’ అని ఆ బ్లాగు కింద రాశారు. మూడోనాడు పొద్దున గోంగూర తుంచుకుంటూ కూర్చుంటే నాకు ఫోన్ వచ్చింది. పెద్దమనిషి గొంతు.

“నమస్తే అమ్మా. నాది మిర్యాలగూడ. చిన్న మిల్లున్నది.”

“చెప్పండి సార్.”

“మీరు పెట్టిన బూడిద ముచ్చట సూసిన. మావోళ్లందరి ఫోన్లల్ల అదే తిరుగుతున్నది. రాసింది ఎవరో జర చెప్తరా?”

“నాకు తెల్వది సార్. తెలిసినా చెప్పను.”

“ఎందుకు చెప్పరు?”

“రేపు మీరే రాసి, నా పేరు చెప్పొద్దమ్మా అంటే, మీ పేరు కూడా చెప్పను గదా.”

ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. డెస్కులో ఉన్నప్పుడు కోపంగా ఫోన్ చేసినవాళ్లతో మాట్లాడడం నాకు అలవాటు. వాళ్లు అరుస్తారు, మనం వింటాం, అయిపోతుంది. ఈయన మెల్లగా, బాధగా మాట్లాడుతున్నారు.

“మిల్లు మీద ఎన్ని ఇండ్లు బతుకుతున్నయో మీకు తెల్వదమ్మా. ఒక్క దిక్కే రాస్తే ఎట్ల?”

“రెండో దిక్కు మీరు చెప్పండి. వచ్చే ఆదివారం అదే జాగల, అంతే పెద్దగ పెడ్త.”

“నాకు రాయొస్తదా?”

“మాట్లాడొస్తది గదా సార్. మీరు చెప్పండి, నేను రాసుకుంట. రాసింది మళ్ల సదివి వినిపిస్త. మీరు సరే అంటేనే పెడ్త.”

గోంగూర పక్కన పెట్టి కాగితం తెచ్చుకున్నాను. ఆయన చాలాసేపు చెప్పారు. వాళ్ల నాయన చిన్న వడ్ల మర పెట్టిన సంగతి. వడ్లు ఉడకబెట్టే పని ఎంత కష్టమో ఆ సంగతి. సీజన్‌లో లారీలు రోడ్డు పొడుగునా నిలబడితే రైతులు ఎట్లా తిడతారో ఆ సంగతి. చెబుతూ చెబుతూ యంత్రం దగ్గరికి వచ్చారు.

“యంత్రం లేదంటే ఒప్పుకోను. పెట్టినం. అయితే అది మాటిమాటికి మూసుకపోతది. తెరిచి సాపు చెయ్యాలంటే మిల్లు ఆపాలె. సీజన్ల మిల్లు ఎట్ల ఆపుతం? అందుకని సీజన్ అయ్యేదాక దాన్ని పక్కకు పెట్టి నడుపుతం.”

రోజూ జరిగే పనిని చెప్పినంత మామూలుగా చెప్పారు. నేను ఏమీ అనకుండా రాసుకున్నాను.

శుక్రవారం ఫోన్ చేసి, రాసింది మొత్తం చదివి వినిపించాను. ‘నాదొక చిన్న మిల్లు’ అన్న మొదటి మాటకు ఆయన నవ్వారు. నాయన సంగతి వచ్చినప్పుడు “ఆఁ ఆఁ” అన్నారు. యంత్రం దగ్గరికి వచ్చాక ఆ “ఆఁ” ఆగిపోయింది.

“ఆ మాట నేను అన్ననా?”

“అన్నరు సార్. తీసేయమంటే తీసేస్త. మాట మీది.”

ఆ మాట నేను అన్నానే గానీ, తీసేయమంటారేమోనని భయపడ్డాను. ఫోన్‌లో వెనక మిల్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

“అది తీసేస్తే నేను చెప్పినదాంట్ల ఏం మిగుల్తదమ్మా? ఉండనీ. పేరు మాత్రం వద్దు.”

ఆ ఆదివారం, అదే జాగాలో, ఒక మిల్లు యజమాని మాట అని పెట్టాను. పొద్దుగూకక ముందే ఇంకో ఫోన్ వచ్చింది. ఆడగొంతు, గుసగుసగా.

“అక్కా, మీరు నన్ను ఎరగరు. ఆ మిర్యాలగూడ బ్లాగు నాదే.”

నేను లేచి నిలబడ్డాను. రిటైరైన ఆఫీసరు అనుకున్న మనిషి నాకంటే చిన్నది.

“మీరు ఇయ్యాల పెట్టింది మా మామయ్య మాటలక్కా.”

“మీ మామయ్యవని ఎట్ల తెలిసింది? పేరు పెట్టలేదే.”

“‘చిన్న మిల్లు’ అని ఆయనొక్కరే అంటరు. మా మిల్లు చిన్నది కాదు.” నవ్వబోయి ఆపుకుంది. ఫొటోలోని చొక్కాలు తన పిల్లలవేనట. ఇల్లు గుర్తుపట్టకుండా పిట్టగోడ రంగు కనబడనివ్వలేదట. తనది కోదాడ పక్కన ఊరు, పెళ్లయి మిర్యాలగూడ వచ్చింది. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు, తీసేటప్పుడు ఫోన్లో రాస్తుందట. భర్తకు కూడా తెలియదు.

“మామయ్య కోపం చేస్తరా?” అని అడిగాను.

“చెయ్యరక్కా. ఆయన మంచోళ్లు. అందుకే భయం.”

తర్వాతి వారం ఆ పెద్దాయన మళ్లీ ఫోన్ చేశారు. “సూడకుండ రాస్తే ఎట్లమ్మా? వచ్చి యంత్రం సూసి పోండి” అన్నారు. వెళ్లకపోతే బాగుండదు. వెళ్తే ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఉంటుంది. రెండు రోజులు ఆలోచించి, చివరికి మిర్యాలగూడ బస్సెక్కాను.

మిల్లు నిజంగానే చిన్నది కాదు. ఉడికిన వడ్ల వాసన గేటు దగ్గరే తగిలింది. ఊక కుప్ప మేడంత ఎత్తుంది. పెద్దాయన తెల్లటి పంచె కట్టుకుని, ముందు నడుస్తూ, ఏదీ దాచకుండా అన్నీ చూపించారు. పొగగొట్టం దగ్గర ఆ యంత్రం నల్లగా మసిబారి, తలుపు ఊడి, పక్కకు వాలి ఉంది. “ఇగ ఇదే” అన్నారు. ఇద్దరం కాసేపు దాని ముందు నిలబడ్డాం.

ఇంటికి తీసుకెళ్లారు. ఇల్లు మిల్లుకు రెండు సందుల అవతల. ఆయన భార్య ఎదురొచ్చి కూర్చోబెట్టింది. కోడలు మంచినీళ్లు, ప్లేట్లలో ఉప్మా తెచ్చింది. మేమిద్దరం కొత్తవాళ్లలాగే నమస్కారాలు పెట్టుకున్నాం. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. కొడుకు పని మీద హైదరాబాద్ వెళ్లాడట.

పెద్దాయన ఉప్మా తింటూ అన్నారు: “ఆ రాసిన మనిషి దొరికితే ఒక్కటే అడుగుదామని ఉన్నదమ్మా. నన్ను అడగకుండ ఊరందరికి చెప్పుడేంది? వచ్చి నన్ను అడగొచ్చు గద?”

కోడలు నీళ్ల చెంబు బల్ల మీద పెట్టింది.

“అడిగిన మామయ్యా.”

ఆయనకు అర్థం కాలేదు. తలెత్తి చూశారు.

“అది రాసింది నేనే. రాయక ముందు మిమ్మల్ని చానాసార్లు అడిగిన. బట్టలు ఆరేసినప్పుడల్లా అడిగిన. గోడలకు సున్నమేయించినప్పుడు అడిగిన. మీరు నవ్వి, మిల్లోళ్ల ఇంటి మీద బూడిద పడక పూలు పడ్తయా అన్నరు.”

అత్తగారు “ఎంత పని చేసినవే” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కోడలి వైపు చూసి, నా వైపు తిరిగారు.

“మీకు తెలుసా?”

“మీరు చెప్పింది పెట్టిన రోజే తెలిసింది సార్. అంతకుముందు తెల్వదు.”

ఆయన ప్లేటు కింద పెట్టి లేచారు. చెప్పులేసుకుని మిల్లు వైపు వెళ్లిపోయారు. కాసేపటికి అత్తగారే తేరుకుని, “తినండమ్మా, సల్లారితే బాగుండదు” అంది. నేను ఒక్కో ముద్దా బలవంతాన మింగాను.

బస్సులో తిరిగి వస్తుంటే కిటికీ బయట ఏం పోతోందో కనిపించలేదు. నాలుగు ముక్కలు రాసి లింకు పెట్టుకునేదాన్ని, ఒకరి ఇంట్లో చిచ్చు పెట్టానేమో అనిపించింది. ఇంటికొచ్చి మా ఆయనకు అంతా చెప్పాను.

“నేను పోకుంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు” అన్నాను.

“రాకుంటే మంచిగుండేదా?” అన్నాడు.

నేను లేచి వెళ్లి పొయ్యి వెలిగించాను.

మిర్యాలగూడ బ్లాగు ఆగిపోయింది. నేను ఆమెకు ఫోన్ చేయలేదు. చేస్తే ఇంకేం గొడవ అవుతుందోనని భయం. ప్రతి ఆదివారం మిగతావి పెట్టి, ‘మిర్యాలగూడ నుంచి ఈ వారం ఏమీ రాలేదు’ అని ఒక వాక్యం రాసేదాన్ని. కోదాడ సారు ఫోన్ చేశారు.

“మిర్యాలగూడ అమ్మాయికి ఏమైందమ్మా? ఒంట్లో బాగానే ఉందా?”

“అమ్మాయి అని మీకెవరు చెప్పిన్రు సార్?”

“ఒకరు చెప్పాలా? బూడిద గురించి రాస్తూ పిల్లల చొక్కాల దగ్గర మొదలుపెట్టింది. నేనైతే కేంద్ర ప్రభుత్వం దగ్గర మొదలుపెట్టేవాణ్ని.”

దిగులులో కూడా నవ్వొచ్చింది.

ఒక గురువారం పొద్దున, బియ్యం కడుగుతుంటే, ఆ బ్లాగులో కొత్తది వచ్చినట్టు ఫోన్ మోగింది. తడి చేతులతోనే తెరిచాను. పైన ఆమె పేరుంది. ఇంటిపేరుతో సహా. కింద, ‘నేను ఒక రైస్‌మిల్లు ఇంటి కోడలిని. బూడిద సంగతి రాసింది నేనే’ అని మొదలైంది.

మామయ్య చాలా రోజులు తనతో మాట్లాడలేదని రాసింది. అన్నం పెడితే తినేవారు, పిల్లలతో ఆడేవారు, తన వైపు చూసేవారు కాదు. ఒకరోజు పొద్దున, మోకాళ్ల నొప్పులతో ఏండ్లుగా మెట్లెక్కని మనిషి, గోడ పట్టుకుని మెల్లగా మేడ ఎక్కారు. పిట్టగోడ మీద అరచెయ్యి పెట్టి, తీసి చూసుకున్నారు. ఆరేసిన దుప్పటి మీద చెయ్యి వేసి చూశారు. ఏమీ అనకుండా దిగిపోయి మెకానిక్‌ను పిలిపించారు. పాత యంత్రం బాగు చేయించి, దాని పక్కన రెండోది పెట్టించారు. ఒకటి సాపు చేస్తుంటే ఇంకోటి నడుస్తుంది, మిల్లు ఆపక్కర్లేదు. మిల్లులవాళ్ల మీటింగులో ఈ సంగతి ఆయనే లేవనెత్తితే, ఒకాయన “కోడలు చెప్పిందా?” అని ఎగతాళి చేశాడట. “అవును, కోడలే చెప్పింది” అన్నారట.

వెంటనే ఫోన్ చేశాను. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

“పేరు పెట్టమన్నది ఆయనే అక్కా. రాస్తే పేరు పెట్టి రాయాలె, దొంగతనంగ ఎందుకు అన్నరు. మిల్లు గురించి ఏం రాసినా ముందుగాల నాకు చూపియ్యాలె అని కూడా అన్నరు.”

“ఒప్పుకున్నవా?”

“ఒప్పుకోలే. రాసి పెట్టినంక అందరికంటె ముందు మీకే చూపిస్త అన్న. సరే అన్నరు.”

బూడిద మొత్తం ఆగిపోయిందని చెప్పను. వాళ్ల వాడలో తగ్గింది. మా పెద్దమ్మ కూతురి వాడలో ఇంకా పడుతోంది. మీటింగులో తలాడించిన మిల్లులవాళ్లలో కొందరు రెండో యంత్రం పెట్టారు, కొందరు వచ్చే సీజన్ అంటున్నారు. ఆ అమ్మాయి తన బ్లాగులో ఎవరు పెట్టారో రాస్తోంది, ఎవరు పెట్టలేదో కూడా రాస్తోంది.

ఒకసారి అందరం కలుద్దామని కోదాడ సారు పట్టుబట్టారు. అందరికీ మధ్యలో ఉంటుందని నేరేడుచర్లలో ఒక టిఫిన్ హోటల్లో కలిశాం. మిర్యాలగూడ అమ్మాయి అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. డ్రైవర్ లారీని రోడ్డు పక్కన ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. బ్లాగులో ఎంత ధాటిగా ఉంటాడో మనిషి అంత సిగ్గరి. ఇడ్లీలు వచ్చేలోపే సారూ అతనూ ఎన్నికల సంగతి ఎత్తుకున్నారు. గొంతులు పెరిగితే పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. అత్తగారు మెల్లగా, “మీరిద్దరు గెలిపిచ్చినోళ్లు గెలిచి ఇండ్లల్ల కూసున్నరు గద, మీకెందుకు కొట్లాట?” అంది. ఇద్దరూ ఆగి, చట్నీ అందించుకున్నారు.

చాయ్ తాగుతుంటే డ్రైవర్ నన్ను అడిగాడు: “అక్కా, మా అందరి ఊర్ల సంగతి పెడ్తరు. మీరుండే వాడ సంగతి ఎవరు రాస్తున్నరు?”

సూర్యాపేటలో కూడా బ్లాగులు ఉన్నాయని చెప్పాను. కానీ మా వాడ గురించి ఎవరూ రాయడం లేదు. డెస్కులో అన్నేళ్లు, ఆ తర్వాత ఇన్ని ఆదివారాలు, నేను దిద్దిందీ పెట్టిందీ అంతా ఇంకొకరు చూసిందే. మా వార్డు మీటింగు ఎక్కడ జరుగుతుందో కూడా నాకు తెలియదు.

తెలుసుకుని వెళ్లాను. కమ్యూనిటీ హాలులో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో మగవాళ్లు, వెనక గోడకానుకుని ఆడవాళ్లు. మా వాడలో చాలామంది ఆడవాళ్లు తాపీ పనికి పోతారు. వాళ్లు పనికి పోయాక నల్లా వస్తుంది, వాళ్లు తిరిగొచ్చేసరికి ఆగిపోతుంది. ఆ సంగతి వాళ్లలో వాళ్లు గొణుక్కుంటున్నారు గానీ లేచి అడగడం లేదు. నేను లేచాను. ఇన్నేళ్లు అందరి మాటలూ దిద్దిన నాకు, నా మాట నాకే తడబడింది.

“నీళ్లు జర పొద్దుగాల ఇడిస్తే ఏమైతది?” అన్నాను, అంతే.

నేను కూర్చోకముందే వెనక నుంచి నలుగురు లేచారు. తలా ఒక మాట అన్నారు. కౌన్సిలర్ నీళ్లు వదిలే మనిషిని పిలిపించి అడిగింది. అన్ని సందులవాళ్లూ ఒప్పుకుంటే టైము మార్చొచ్చు అన్నాడతను. అక్కడికక్కడే చేతులెత్తారు.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. పిల్లల చొక్కాల్లాంటి మొదలు నాకు దొరకలేదు. చూసింది చూసినట్టు రాసి, మా ఆయనకు చదివి వినిపించి, నా పేరుతో పెట్టాను. సోమవారం నుంచి నల్లా తెల్లవారకముందే వచ్చింది. బిందెల చప్పుడుకు మెలకువ వచ్చింది.

మా వెనక సందులో మాత్రం రాలేదు. ఆ సందువాళ్లు ఖాళీ బిందెలతో నేరుగా మా గుమ్మం ముందుకే వచ్చారు. “అక్కా, మాది కూడా రాయి” అన్నారు. కుర్చీలు చాలక చాప పరిచి కూర్చోబెట్టాను.